అన్నయ్య మెడ మీద నా చెయ్యి

మా అన్నయ్య వట్టి మొండి. ఆ మాట ఆయన ఇప్పుడు మంచంలో ఉన్నా ముఖం మీదే అంటాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

మా సెలూన్లో రెండు కుర్చీలు. ఫ్యాను కింది కుర్చీ ఆయనది, గుమ్మం పక్కది నాది. గడ్డం గీయడంలో ఆయన్ని మించినవాడు లేడు. అందరూ 'దూదిచెయ్యి' అని పిలిచేవారు. పని అయ్యాక మెడ పట్టుకుని అటోసారి, ఇటోసారి టక్కుమనిపిస్తే కుర్చీలోవాడికి ప్రాణం లేచొచ్చేది. ఆ విద్య నాకూ ఆయనే నేర్పాడు.

ఏడాది కిందట ఆయన వేళ్లు మొద్దుబారడం మొదలైంది. బ్లేడు విరిచి కత్తిలో పెట్టడానికి మూడుసార్లు తంటాలు పడేవాడు. చొక్కా బొత్తాలు వదిన పెట్టేది. నడిస్తే కాళ్లు తడబడేవి. చూసినవాళ్లు తాగాడనుకున్నారు. చుక్క ముట్టని మనిషి!

నేనూ వదినా పోరుపెట్టి ఆస్పత్రికి లాక్కెళ్లాం. మెడలో వెన్నుపాము దిగే దారి ఇరుకైపోయిందని, లోపల నరాలు నలిగిపోతున్నాయని డాక్టరు స్కానింగు చూసి చెప్పాడు.

"ఆపరేషన్ చేయించుకోండి. అందాకా మెడ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి."

బయటికి రాగానే అన్నయ్య, "ముప్ఫై ఏళ్లు జనం మెడ మీద కత్తి పెట్టినవాణ్ణి. నా మెడ మీద ఇంకోడు పెడితే ఊరుకుంటానా?" అన్నాడు. వదిన నవ్వలేదు.

ఆ తర్వాత ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరుగారికి చెవి కింద తెగింది. పాతికేళ్లుగా అన్నయ్య చేతికి తప్ప గడ్డం ఇవ్వని పెద్దాయన. దూది అదుముకుని, "పర్లేదులేవోయ్," అన్నాడు. తర్వాతి వారం వచ్చి, ఖాళీగా ఉన్న అన్నయ్య కుర్చీ దాటి, నా కుర్చీ కోసం బల్ల మీద కూర్చున్నాడు. అన్నయ్య తువ్వాలు దులిపాడు. మళ్లీ దులిపాడు. పెద్దాయన మీద నాకు ఒళ్లు మండింది గానీ, తప్పు ఆయనది కాదు.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించాక అన్నయ్య తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఒరేయ్, మెడ పట్టేసింది. ఒక్కసారి తిప్పు."

"డాక్టరు ఏం చెప్పాడో మర్చిపోయావా?"

"ఆయన ఎన్ని మెడలు తిప్పాడంట? నేను వేలల్లో తిప్పా. ఈ పట్టు వదిలితే చేతులు అవే వస్తాయి. నాకు చేతులు కావాల్రా."

"నా వల్ల కాదన్నయ్యా."

"నేను నేర్పిన పని నాకే చెయ్యవట్రా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నా మనసు ఆగలేదు.

ఎడమకు తిప్పాను. టక్కుమంది. కుడికి తిప్పాను. ఆయన చేతులు రెండూ ఒళ్లోంచి పక్కలకు జారిపోయాయి.

"నా కాళ్లు ఏవిరా?" అన్నాడు.

ఆస్పత్రికి వదిన పరుగున వచ్చింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు.

"షాపులో తడి నేల మీద జారానే. వీడే మోసుకొచ్చాడు."

ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. చేతులూ కాళ్లూ దక్కలేదు.

రోజూ పొద్దున్నే వెళ్లి నేనే ఆయనకు గడ్డం గీస్తాను. "కత్తి ఏటవాలుగా పట్టరా," అని ఇప్పటికీ తిడతాడు. వదినకు నిజం చెప్పేస్తానని రెండుసార్లు గొణిగాను.

"నోర్ముయ్. దానికి మిగిలిన దిక్కు నువ్వొక్కడివే," అన్నాడు.

వదిన వేడినీళ్ల గిన్నె తెచ్చి పక్కన పెడుతుంది. "కన్నకొడుకైనా ఇంత చెయ్యడయ్యా," అంటూ నా తల మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి తియ్యమని అనలేక, తల వంచుకుని గీస్తూనే ఉంటాను.