జ్యోతిలక్ష్మి టవరు, తమ్ముడి టెంపో

బాబుపేట్‌లో పిండిగిర్ని నడిపే జ్యోతిలక్ష్మికి గొంతు పెద్దది. రోజంతా గిర్ని చప్పుడు మీదుగా "జొన్నలు ఎవరివి, గోధుమలు ఎవరివి" అని అరిచి అరిచి ఆ గొంతు అలాగే ఉండిపోయింది. ఆమె గుసగుసలాడితే పక్కింటి రుక్మిణి జవాబు చెప్పేది.

ఆమెకు నలభై దాటాక రేడియో పిచ్చి పట్టింది. ఊర్జానగర్ కాలనీలో ఉండే సంజీవ్ అనే ఇంజనీరు గోధుమలు పట్టించుకోవడానికి వచ్చినప్పుడు, లైసెన్సు తెచ్చుకుంటే ఇంట్లో కూర్చునే దూరదేశాల వాళ్లతో రేడియోలో మాట్లాడవచ్చని మాటవరసకు అన్నాడు. ఆమె పట్టుబట్టి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. గిర్ని వెనక గదిలో రేడియో పెట్టింది. ఆమె పలకరించగానే నాగపూర్‌లో హామ్ రేడియో వాళ్లు ముందు సౌండు తగ్గించుకుని, తర్వాత నమస్కారం చెప్పేవారు.

కానీ ఆ గొంతు నాగపూర్ దాటడం లేదు. ఏంటెనా ఎత్తు చాలదన్నారు. మూతపడిన కేబుల్ టీవీ ఆఫీసులో పాత ఇనుప టవరు ఒకటి దొరికితే తెచ్చి పెరట్లో నిలబెట్టింది. కరెంటు తీగలు దగ్గర్లో లేకుండా చూసుకుంది. అంతవరకు బాగానే ఉంది. అయితే అలాంటి సన్నటి టవరు దానంతటది నిలవదు. మూడు వైపుల నుంచి ఉక్కు తీగలతో లాగి కట్టాలి. ఒక తీగను లేత వేపచెట్టుకు కట్టింది. ఒకదాన్ని గిర్ని గోడకున్న కడియానికి కట్టింది. మూడో వైపు ఏమీ కనిపించక తమ్ముడు విజయ్‌కుమార్ టెంపోకు కట్టేసింది. ఇంజను చచ్చి ఏళ్ల తరబడి పెరట్లోనే పడి ఉన్న ఆ బండి మీద గుమ్మడితీగ కూడా పాకింది.

సంజీవ్ చూడటానికి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. చాయ్ లోపలికి వచ్చి తాగమంటే రాలేదు. రోడ్డు అవతల నిలబడి తాగాడు.

"జ్యోతక్కా, చెట్టు గాలికి ఊగుతది. గోడ గంత లాగుడుకు ఆగదు. ఇగ బండికైతే చక్రాలే ఉన్నయి" అన్నాడు అక్కడినుంచే.

"కదిలే బండైతే ఇన్నేండ్లు గిట్ల ఎందుకు పడుంటది సార్?" అంది జ్యోతిలక్ష్మి. ఆమె మామూలుగానే అంది కాబట్టి రోడ్డు అవతలికి స్పష్టంగా వినిపించింది.

"భూమిల గుంత తవ్వి, రాడ్డు పెట్టి, కాంక్రీటు పొయ్యాలె అక్కా."

"పోస్తం తియ్యిండ్రి, దివాలీ కానియ్యిండ్రి."

ఈలోగా రుక్మిణి ఆ తీగల మీద చీరలు ఆరేయడం మొదలుపెట్టింది. గాలి వీస్తే చీరలు తెరచాపల్లా ఉబ్బేవి, టవరు మూలిగేది.

ఒక ఆదివారం పొద్దున జ్యోతిలక్ష్మికి మొదటిసారి విశాఖపట్నం దొరికింది. అనంతరావు అనే పెద్దాయన. ఇద్దరూ ఏం కూర వండారో చెప్పుకుంటున్నారు. అదే సమయానికి పెరట్లో విజయ్‌కుమార్ టెంపో ఎక్కాడు. అక్కను ఆశ్చర్యపరచాలని ఆమె సంతకు పోయినప్పుడల్లా మెకానిక్‌ను తెచ్చి ఇంజను బాగు చేయించాడు. విసాపూర్ నుంచి ఓంప్రకాష్ అనే ఆసామిని కొనడానికి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వెనకున్న తీగను చూశాడు గానీ బట్టల తీగ అనుకున్నాడు. చీరలు ఒక పక్కకు జరిపి బండి ముందుకు పోనిచ్చాడు.

"సార్, మీ మాట ఒక దిక్కుకు వంగుతున్నట్టుంది" అంటోంది జ్యోతిలక్ష్మి రేడియోలో.

విజయ్‌కుమార్ అద్దంలోకి చూశాడు. టవరు తన వెంట వస్తోంది. బ్రేకు గట్టిగా తొక్కిపట్టాడు. వేపచెట్టు విల్లులా వంగి ఉంది. గోడ కడియం చుట్టూ సున్నం రాలుతోంది.

పరుగెత్తుకొచ్చిన జ్యోతిలక్ష్మి వెంటనే సంజీవ్‌కు ఫోన్ చేసింది. ఫోన్ లేకపోయినా వినిపించేదేమో. బండి వెనక్కి జరపొద్దనీ, తీగ వదులైతే చెట్టు ఒక్కసారిగా టవరును తనవైపు లాగేస్తుందనీ, అందరినీ దూరంగా పంపి చక్రాల వెనక రాళ్లు పెట్టమనీ అతను చెప్పాడు. ఆమె రాళ్లు పెట్టింది. అయినా తమ్ముడు బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు.

"అక్కా, నేను దిగాల్నా? నాకు దుకాన్ ఉంది" అన్నాడు ఓంప్రకాష్.

"నువ్వు దిగకు భావూ, బరువు తగ్గుతది" అన్నాడు విజయ్‌కుమార్, మరాఠీలో అతన్ని అన్నను చేసుకుంటూ.

అట్లా ఇద్దరూ టెంపోలో బొమ్మల్లా కూర్చున్నారు. జ్యోతిలక్ష్మి కిటికీలోంచి జొన్నరొట్టె, పచ్చడి అందించింది. కారం ఎక్కువై ఓంప్రకాష్‌కు తుమ్ము వచ్చింది. విజయ్‌కుమార్ అతని ముక్కు పట్టుకున్నాడు. తుమ్మితే టవరు పడదని తెలిసినా, ఆ క్షణంలో ఎవరికీ ఆ నమ్మకం లేదు.

సంజీవ్ కాలనీ మిత్రులతో, చైన్ కప్పీలతో వచ్చాడు. ముందు గట్టి మేకులు నేలలోకి దిగగొట్టి, కొత్త తాళ్లతో టవరును మూడు వైపులా పట్టారు. భారం తాళ్ల మీదికి వచ్చాక టెంపోలో వాళ్లను దింపారు. విజయ్‌కుమార్ కాలు తిమ్మిరెక్కి నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత టవరును మెల్లగా పడుకోబెట్టారు. బండి అమ్ముడుపోలేదు. ఓంప్రకాష్ మళ్లీ దాని పక్కన నిలబడటానికి కూడా ఒప్పుకోలేదు.

ఈసారి జ్యోతిలక్ష్మి దివాలీ దాకా ఆగలేదు. టవరుకు తగిన దూరంలో మూడు వైపులా లోతుగా గుంతలు తవ్వించి, ఉక్కు రాడ్లు నిలిపి కాంక్రీటు పోయించింది. అది గట్టిపడేదాకా దానికి పొద్దున సాయంత్రం నీళ్లు పోసింది. ఎవరైనా చూస్తే తులసి కోట అనుకునేవారు. టవరును మళ్లీ నిలబెట్టాక, తీగలు బిగించే మరలు అదురుకు వదులుకాకుండా వాటిలోంచి సన్నటి తీగ దూర్చి ముడేసింది. పెద్దగాలి వచ్చి వెళ్లిన ప్రతిసారీ వెళ్లి చూసుకుంది.

ఆ అలవాటు పెరడు దాటింది. మొన్న రాజురాలో చుట్టాల పెళ్లికి వెళితే భోజనాల దగ్గర కనబడలేదు. షామియానా వెనక ఒక్కొక్క తాడూ లాగి చూస్తోంది.

"ఏంది భావూ, మేకు మట్టిల గింతే దిగింది? గాలి దుమారమొస్తే పెండ్లికొడుకు మీద పడతది" అంది షామియానా ఆయనతో, మెల్లగా.

మండపంలో పంతులు మంత్రం ఆపి పైకి చూశాడు. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు. మేకులన్నీ మళ్లీ కొట్టేదాకా ముహూర్తం ఆగింది.