అమ్మమ్మ క్యాలిక్యులేటర్‌కు గొంతు పెట్టిన వైనం

నా తెలివి పుణ్యమా అని ఒక బస్సు, నెత్తిమీద వేలాడుతున్న కండక్టర్‌తో సహా, నన్ను వదిలేసి వెళ్లిపోయింది. ఎలాగంటారా?

భోపాల్‌పట్నంలో జగదల్‌పూర్ బస్సు ఆగేచోటే మా అమ్మమ్మ కిరాణా కొట్టు. ఆమెకు కాస్త చెవుడు. “మీట నొక్కితే పడ్డదో లేదో తెలుస్తలేదే. దీనికి జర నోరు పెట్టరాదు” అంది క్యాలిక్యులేటర్ చూపిస్తూ.

ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ సీటు కోసం కలలు కంటున్న పిల్లనాయె, ఊరుకుంటానా? పాత రేడియోలోని యాంప్లిఫయర్ బోర్డు ఊడదీసి, క్యాలిక్యులేటర్‌లో కూతపెట్టే బిళ్లకు వైర్లు కలిపి, స్పీకర్‌ను నూనె డబ్బాలో బిగించాను. మీట నొక్కితే వీధి కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి.

మర్నాడు జగదల్‌పూర్‌లో సర్టిఫికెట్లు చూపించకపోతే సీటు దక్కదు. సర్టిఫికెట్ల సంచి బస్సులో పెట్టి, అమ్మమ్మకు చెప్పి వద్దామని దిగాను. కండక్టర్ బస్సుపైన మూటలు కడుతున్నాడు. అమ్మమ్మ ఉత్సాహంగా లెక్క మొదలెట్టింది. కూ, కూ.

ఆ దారి బస్సులకు ఒక విజిల్ అంటే ఆగు, రెండంటే పోనీ. డ్రైవర్ పోనిచ్చాడు. పైన కండక్టర్ “అరే రోకో” అంటూ తాడు పట్టుకుని వేలాడాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నా గోతిలో ఏకంగా బస్సే పడింది.

“అమ్మమ్మా, నా సర్టిఫికెట్లు పోతున్నయ్.”

“ఏడికి?”

“బస్సుల జగదల్‌పూర్‌కు.”

“మరి నువ్వెందుకు ఎక్కలే?”

ఏడుపు ఒక్కటే తక్కువ నాకు. స్కూటీ తీశాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని అమ్మమ్మ వెనక ఎక్కింది. ఊరి బయట బస్సును అందుకుని, “ఒక్కపాలి నొక్కు” అని అరిచాను. కూ. బస్సు ఆగింది.

కండక్టర్ పైనుంచి దిగి విజిల్ సంగతి నిలదీశాడు. “సీటీ ఎవరు కొట్టిన్రు?”

“సీటీ కాదు బిడ్డా, లెక్క. గిట్ల” అంటూ అమ్మమ్మ చేసి చూపించింది. కూ, కూ. అప్పటికి నా కాలొకటి మెట్టుమీద ఉంది. బస్సు కదిలింది. ఈసారి నేను లోపల, కండక్టర్ రోడ్డుమీద. డ్రైవర్ భుజం పట్టుకుని ఆపించాను.

సీటు దక్కింది. ఆ ఆనందంలో ఇంటికొచ్చి ముందుగా డబ్బా ఊడదీశాను. అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. “డబ్బా మంచిగనే ఉండె. ఆ డ్రైవర్‌కే చెవులెక్కువ.”

బస్సులు ఆగేచోట ఏ యంత్రానికీ ఇక గొంతు పెంచనని సోల్డరింగ్ ఐరన్ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. అది చల్లారాకే లెండి.