పెద్దమ్మ విడిచిన పావురం

భూములన్నీ పోయాక కూడా మా పెద్దమ్మ గడ్డం ఎత్తే మాట్లాడేది. మా అడవి ఊళ్లో కొందరు దాన్ని పొగరన్నారు. అననీ.

ఒకనాడు వాంతులకు మాత్రలు వేసుకున్నాక ఆమె మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. మూతి వంకరపోయి మాట ముద్దయింది. చూసినవాళ్లంతా పక్షవాతమన్నారు. వరసకు చిన్నాయన అయ్యే పొరుగాయన, చెయ్యి పడిపోయిందా అని వాళ్లందరినీ అడిగి, పావురాన్ని పట్టుకొచ్చాడు. దాన్ని కోసి, వేడి నెత్తురు ఆమె కుడిచేతికి రుద్దాలట.

"కుడిపక్క పడిపోయింది వదినా. ఇగ మంచంల పండు, ఇంటి పెత్తనం మేం చూస్కుంటం" అన్నాడు.

పెద్దమ్మ ఆ కుడిచేత్తోనే పావురాన్ని లాక్కుని కిటికీలోంచి వదిలేసింది. తర్వాత వాకిట్లోని ఆటో వైపు వేలు చూపింది.

భద్రాచలం దవాఖానాలో డాక్టరు ఆమె కాళ్లూ చేతులూ కదిలించి చూసి, మాత్రల అట్ట అడిగాడు.

"పక్షవాతం కాదమ్మా. ఈ మాత్ర పడక కొందరికి మెడ గిట్లనే గుంజుతది" అంటూ సూది వేశాడు. కాసేపటికి మెడ సడలింది, మాట తిరిగింది.

"నీ అదృష్టం, వదినా" అన్నాడు వెంట వచ్చిన చిన్నాయన.

"నా చెయ్యి పడిపోయిందా అని ఊరందరినీ అడిగినవ్. నన్నొక్కదాన్ని అడగకపోతివి" అంది పెద్దమ్మ.