బరువు లేని కాళ్లు

సికింద్రాబాద్‌లో ఉదయం ఎనిమిదింటి బండి ఎక్కితే మధ్యాహ్నానికి రామగుండంలో దిగవచ్చు. నేను ఎక్కింది మాత్రం ఊరు చూడటానికి కాదు. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడైన మా బావ, డ్యూటీకి వెళుతూ మోటారుబండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, ఇక నడవమన్నారు డాక్టర్లు. ఆయనేమో మంచం దిగనంటున్నాడు. "నీ మాట ఇంటడు, ఒక్కసారి రా తమ్మీ" అని అక్క ఫోన్లో ఏడ్చింది.

బడిపిల్లలకు అంతరిక్షం సంగతులు చెప్పడం నా ఉద్యోగం. కాజీపేట దాటాక ఎదుటి సీటు అవ్వ సద్ది విప్పుతూ, నా ఒళ్లోని బొమ్మల పుస్తకం చూసింది.

"గాల్ల తేలుకుంట బువ్వెట్ల తింటరు బిడ్డా?"

"మెతుకులు ఎగిరిపోకుండ సంచులల్ల పెట్టుకుంటరవ్వా. నీళ్లు గూడ కింద పడయి, ఉండ లెక్క తేల్తయి. గొట్టంతోని పీల్చుకోవాలె. పండుకుంటే ఒళ్లు గోడకు కట్టేసుకోవాలె."

"బరువే లేకుంటె ఎంత సుఖమో!" అంటూ అవ్వ తన మోకాళ్లు నిమురుకుంది.

రామగుండం నుంచి షేర్ ఆటోలో క్వార్టర్ చేరేసరికి ఒంటిగంట. బావ కాళ్లు చూసి నా ప్రాణం ఉసూరుమంది. పుల్లల్లా అయిపోయాయి. ఆ కాలనీలో ఆడవాళ్లు డ్యూటీ దిగి వచ్చిన మనిషికి చెంబెడు నీళ్లు చేతికిచ్చాకే మరో మాట మాట్లాడతారు. అక్క ఇప్పుడు ఆ నీళ్లు నోటిదాకా తెస్తోంది.

"బాయిల మోసిన బరువు చాలు. ఇంట్ల పూచికపుల్ల ఎత్తనియ్య" అంది.

భోజనాలయ్యాక ఉన్నమాట చెప్పేశాను. "బావా, అంతరిక్షంలకు పోయినోళ్లకు బరువు మొయ్యకపోతే కాళ్ల కండ కరుగుతది, బొక్కలు గుల్లబారుతయి. అందుకే రోజూ ఒంటికి పట్టీలు బిగించుకొని ఉరుకుతరు. అయినా దిగొచ్చినంక వాళ్లను ఒకరు పట్టుకొని నిలబెట్టాలె."

"గంతటోళ్లు గూడ నిలబడలేరా?"

"లేరు. మెల్లమెల్లగ నేర్చుకుంటరు."

అక్క ముఖం పాలిపోయింది. "అంటే నేనే గిట్ల చేసిన్నా తమ్మీ?"

ప్రేమతోనే చేసింది. అయినా కాదని అనలేకపోయాను, చాలా బాధేసింది.

సాయంత్రం బండికి లేస్తుంటే బావ నీళ్లడిగాడు. అక్క వాకర్‌ను మంచం పక్కకు జరిపింది. చెంబు నింపి కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఉండిపోదామనుకున్నాను. "నువ్వుంటె నిన్నడుగుతడు, పో" అంది.

పెద్దపల్లి దాటాక ఫోన్ మోగింది. అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"చెంబు జారి కింద పడ్డది తమ్మీ. ఇల్లంత నీళ్లే. మీ బావ కిటికీ కాడ నిల్చున్నడు."

నీళ్లు కింద పడ్డాయన్న కబురుకు అంతగా సంతోషించిన ప్రయాణం నాకు మరొకటి లేదు.