సింహాచలం బావ రాసిన రేపర్

నిన్న పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. సింహాచలం బావ పోయాడని.

ఎవరో వేరే సింహాచలం అనుకున్నాను. మొన్న సాయంత్రమే అతనితో మాట్లాడాను.

ఛాతీలో నొప్పి అన్నాడట. ఆటో వచ్చేలోగానే అయిపోయింది. నలభై నిండలేదు.

బావా అని పిలవడమే గానీ వరసకి మాకేమీ కాడు. కాలేజీలో నా రూమ్మేట్. నాది నెల్లిమర్ల, తనది కళింగపట్నం. నాలుగేళ్లుగా ఇద్దరం కలిసి వాళ్ల ఊరి పడవల కోసం ఒక మొబైల్ యాప్ చేస్తున్నాం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఎక్కడున్నాయో మ్యాప్‌లో చూపిస్తుంది.

ఫోన్‌లో ఆ మ్యాప్ బొమ్మ మా కోడ్ చేతిలో ఉండదు. గ్రాఫిక్స్ మెమరీలో ఉంటుంది. మాకు దాని నంబర్ ఒక్కటే దొరుకుతుంది. దాన్నే హేండిల్ అంటాం. ఆ నంబర్‌ని క్లాస్ అనే కోడ్ ముక్కలో చుట్టి, పనయ్యాక బొమ్మని మెమరీలోంచి వదిలించాలి. అలా చుట్టే కోడ్‌నే రేపర్ అంటాం, అది రాసింది బావే.

"మన సేతిలో ఉన్నాది తాడుకొసేరా. కొస పారేస్తే పడవ పోద్దేటి? అక్కడే ఉంటాది," అనేవాడు.

మొదట్లో యాప్ సముద్రంలో ఆగిపోయేది. నా టేబుల్ మీద ఎప్పుడూ ఆగలేదు. నేను పది నిమిషాలు చూసి మూసేసేవాణ్ణి.

బావ వాళ్ల చిన్నాన్న పడవెక్కి వేటకి వెళ్లాడు. మత్స్యకారుల ఇంట్లో పుట్టి కూడా దారంతా వాంతులు. చిన్నాన్న ఇప్పటికీ నవ్వుతాడు.

అక్కడ తెలిసింది. వాళ్లు యాప్ అసలు మూయరు. ఎందుకని అడిగితే చిన్నాన్న, "ఒడ్డుకి రాకుండా దాన్ని ఆపీడమేటిరా? బయల్దేరినప్పుడు ఎలిగించిన దీపం మజ్జిలో ఆర్పుతామేటి?" అన్నాడట.

రెండు రోజులు తెరిచే ఉంచితే, వదలని బొమ్మలన్నీ పేరుకుని మెమరీ నిండిపోయేది. అదీ సంగతి.

బావ రేపర్ మార్చాడు. పనయిన బొమ్మ దానంతటదే పోయేలా. మొన్న సాయంత్రం కోడ్ పంపి ఫోన్ చేశాడు.

"ఒరే, ఒకే హేండిల్ని రెండు రేపర్లు పట్టుకున్నాయేమోనని బెంగగా ఉన్నాది. ఓపాలి బాగా సూడు."

చూస్తానన్నాను. పైపైన చూసి అప్రూవ్ నొక్కాను. చదవలేదు.

నా మాట నమ్మి ఆ రాత్రే అతను రేవుకి వెళ్లి నాలుగు పడవల ఫోన్లలో కొత్త వెర్షన్ ఎక్కించాడు. నిన్న తెల్లారకముందే చిన్నాన్న పడవతో సహా నాలుగూ వేటకి వెళ్లిపోయాయి.

నిన్న కళింగపట్నంలో అంత్యక్రియలన్నీ అయ్యాక చిన్నాన్న భార్య నా పక్కన కూర్చుంది.

"బాబూ, ఆ ఫోన్లో బొమ్మ బాగానే పనిసేస్తాది కదా? మీ మావ దాన్ని సూసుకొనే వస్తాడు."

"బాగానే చేస్తుందమ్మా," అన్నాను.

ఈ పొద్దున్న వాళ్ల అరుగు మీద కూర్చుని కోడ్ చదివాను. బావ బెంగ నిజమే. పెద్ద మ్యాప్, మూలనున్న చిన్న మ్యాప్, రెండు రేపర్లలోనూ ఒకటే హేండిల్. చిన్నదాన్ని నొక్కి మూస్తే పెద్దదాని కింద బొమ్మ పోతుంది. యాప్ పడిపోతుంది. మొగ దగ్గరికి వచ్చాకే వాళ్లు దాన్ని నొక్కుతారు. మళ్లీ తెరిచేలోగా పడవ మేటెక్కగలదు.

మూడు పడవలకి వైర్‌లెస్‌లో చెప్పించాం. చిన్నాన్న సెట్ పలకడం లేదు. సాయంత్రానికి రావాలి.

మీ వాళ్లెవరైనా అటు వేటలో ఉంటే చిన్నాన్న పడవకి కబురందించండి. నీలం పడవ, ముందు తెల్ల గీత. చిన్న మ్యాప్ ముట్టుకోవద్దని చెప్పండి. అదొక్కటే చెప్పండి. బావ సంగతి ఆయనకి ఇంకా తెలియదు. ఒడ్డుకి వచ్చాక మేం చెప్తాం.

బావా, నువ్వడిగినట్టు చదివాను. ఒక రోజు ఆలస్యంగా.

ఆ బెంగ ఇక నాకు వదిలెయ్. నువ్వు నిమ్మళంగా ఉండు.