పై పైపుకు కట్టిన ఎర్ర పోగు

మెకానిక్ అన్నవాణ్ని నేను నమ్మను. మరమగ్గాలు నడిపిన రోజుల్లో నాకొక స్కూటర్ ఉండేది. క్లచ్ వైరు మార్చమంటే ఒకడు పాత వైరుకే గ్రీజు పూసి కొత్తదని చెప్పి బండి అప్పగించాడు. నలభై ఏళ్లు దాటినా వాడు నవ్విన నవ్వు నాకు గుర్తుంది. బడి గడప తొక్కనివాడికి ఏం తెలుస్తుందిలే అన్న నవ్వు అది. ఆ మంటతోనే పాత పుస్తకాల కుప్పలోంచి మోటారు రిపేరు పుస్తకం ఒకటి కొన్నాను. మగ్గం ఆడుతుంటే పక్కన కూర్చుని, కూడబలుక్కుంటూ, ఆరు నెలల్లో పూర్తి చేశాను.

ఇప్పుడు నాకొక పాత కారుంది. వారానికి మూడుసార్లు నా భార్యను పరకాల నుంచి వరంగల్‌కు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని లేచాక ఆమెలో సత్తువ ఉండదు. కారెక్కించి, ఎండ ముదరకముందే ఇంటికి చేర్చి పడుకోబెట్టాలి. నాకున్న పని అదొక్కటే. మొన్న ఎండాకాలం మొదట్లో ఆ పనే చెడింది. తిరుగు దారిలో ఇంజన్ వేడెక్కి, ముందు నుంచి పొగలు కక్కుతూ కారు ఆగిపోయింది. రెండు గంటలు ఆమె రోడ్డు పక్క చాయ్ కొట్టు రేకుల కింద, బల్ల మీద ముడుచుకుని పడుకుంది.  నన్ను తిట్టినా బాగుండేది.

ఇంజన్ చల్లారాక నేనే చూశాను. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుందని నా పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వేడినీళ్లు తెచ్చే పై పైపు నొక్కి చూస్తే ఒక కొస మెత్తగా, మురిగిన వంకాయలా ఉంది. ఆ పూటకు దారి పక్క మెకానిక్ ఒకడు దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇంటికి చేర్చాడు. అది నిలిచే పని కాదు. పైపు మార్చాల్సిందే.

మార్చిందీ లేనిదీ తెలిసేదెట్లా? మా నాయన షావుకారుకు చీర ఇచ్చేటప్పుడు అంచు లోపల, ఎవరికీ కనబడని చోట ఒక ఎర్ర పోగు వేసేవాడు. షావుకారు ఇంకెవరిదో చెడిన చీర తెచ్చి నీదేనంటే, అంచు తిప్పి పోగు లేదని చూపేవాడు. నేనూ అదే చేశాను. ఒక ఎర్ర నూలు పోగు తీసి పాత పైపు అడుగున చుట్టి, నేతగాళ్లు వేసే ముడి వేశాను. మరుసటి విడత ఆమెను మిషన్ మీద పడుకోబెట్టి, దవాఖాన వెనక సందులోని మెకానిక్‌కు కారు అప్పగించాను. ఆమె లేచే వేళకు కారు సిద్ధంగా ఉంది. ఇంటికి చేరాం. సాయంత్రం ఇంజన్ చల్లబడ్డాక బానెట్ లేపి, పైపు అడుగున వేలు పెట్టాను.

పోగు అక్కడే ఉంది.

ఒళ్లు మండిపోయింది; పైపును నొక్కి చూడాలని కూడా తోచలేదు. పైన నల్లగా నిగనిగలాడుతోందంటే, ట్యూబు ముక్క పీకి పాలిష్ పూశాడన్నమాట! కొస కింద పాత మరక ఉంటుంది, పట్టిస్తాననుకుని స్క్రూడ్రైవర్ తెచ్చి, పైపు కొసను బిగించే క్లిప్పు వదులు చేసి పక్కకు జరిపాను. వెలుతురు మసకబారింది. ఏమీ తేలలేదు. క్లిప్పును మళ్లీ వెనక్కి జరిపి బిగించాను. బిగించాననుకున్నాను.

మూడో రోజు ఆమెను దవాఖానలో దింపి నేరుగా ఆ సందులోకి పోయాను. మెకానిక్‌కు నలభై ఐదేళ్లుంటాయి, పొట్ట మీదికి ఎక్కిన బనియను.

“ఏంది కాకా, పొద్దుగాల్నే మొహం గట్ల పెట్టినవ్?”

“పైపు మార్చినవా?”

“మార్చిన.”

“నా కండ్లు ఇంకా పోలే. బానెట్ లేపు.” పోగు చూపించాను. “ఇది నేను పాత పైపుకు కట్టిన. ఇక్కడెందుకున్నది?”

అతను పోగును చూశాడు, నన్ను చూశాడు. “ఇది మొక్కు దారం కాదా?”

“ఏం మొక్కు?”

“దవాఖానల ఉన్న నీ ఇంటామె పానం బాగుండాలె, బండి దారిల ఆగొద్దని కట్టినవనుకున్న. దాన్ని చెత్తల ఎట్ల పడేస్తరు కాకా? విప్పి కొత్తదానికి కట్టిన. ఆ ముడి విప్పేసరికి నా గోర్లు ఊడినయ్!”

“మంచిగనే చెప్తానవ్ కత. పాత పైపేది?”

పనికిరాని సామాన్ల డ్రమ్ములో చెయ్యి పెట్టి తీసి ఇచ్చాడు. వంచాను, పగులు నోరు తెరిచింది. దాని మీద ట్యూబు ముక్క లేదు, ఇంకెవరి కారుదో ఇచ్చి ఉండొచ్చు కదా అనుకుంటూ తిప్పాను. అడుగున, రంగు దిగి చుట్టూ పాకిన ఎర్రటి గీత కనబడింది. నా పోగు రంగే. పైపు అతని చేతికి తిరిగిచ్చాను.

అప్పుడతను బానెట్ కిందికి వంగి చూసి ‘ప్చ్’ అన్నాడు. కొత్త పైపు కొస దగ్గర, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ చుక్కలు చుక్కలుగా కారుతోంది.

“క్లిప్పు ఎవరన్న ముట్టిన్రా?”

“లేదు,” అన్నాను.

అంత తేలిగ్గా ఎలా అన్నానో నాకిప్పటికీ తెలియదు.

“ఎవ్వరు ముట్టకపోతే పైపే ఖరాబ్ అన్నట్టు. ఇంజన్ సల్లారాలె, మొత్తం ఊడదియ్యాలె, ఈడ ఇంకోటి లేదు, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. సాయంత్రమైతది. ఫికర్ చెయ్యకు, పైసలడగ. తప్పు నాదే కదా.”

సాయంత్రమంటే ఆమె ఎక్కడ పడుకుంటుంది? దవాఖాన వరండాలో ఇనుప కుర్చీలున్నాయి. మంచం మీదికి తర్వాతి రోగి వస్తాడు. చాయ్ కొట్టు బల్ల మీద ముడుచుకున్న ఆమె కళ్లముందు మెదిలింది. అతను ఫోన్ తీసి పైపుల దుకాణానికి కలుపుతున్నాడు. నేను తల తిప్పుకుని అన్నాను.

“నేనే ముట్టిన.”

“ఆఁ?”

“మొన్న సాయంత్రం. క్లిప్పు జరిపి చూసిన.”

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “గీ ముక్క చెప్పనీకె ఇంత సేపా కాకా? నా మీద కేసు పెట్టేటట్టు వస్తివి!” పక్క కొట్టువాడికి వినబడేలా నవ్వాడు. నాకు ఆ పాత నవ్వు గుర్తొచ్చింది. కానీ ఇతని చేతులు అప్పటికే పనిలో ఉన్నాయి. ఇంజన్ చల్లారేదాకా ఆగి, గుడ్డ అడ్డం పెట్టి మూత కొంచెం కొంచెంగా తిప్పాడు. పైపు తొడిగే రేడియేటర్ మూతి చుట్టూ చిన్న గట్టు ఉంటుంది. క్లిప్పు దాన్ని దాటి లోపలికి కూర్చోవాలి. నేను దాన్ని గట్టు మీదే బిగించానట. పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. చూశాను కూడా.

సరిచేసి, కూలెంట్ పోసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపించాడు. చుక్క రాలేదు. నేను నాలుగుసార్లు చెయ్యి పెట్టి చూశాను. 

మధ్యాహ్నానికి ముందే ఆమెను ఎక్కించుకున్నాను. వరంగల్ దాటాక ఆపి కిందికి వంగి చూశాను. తడి లేదు. ఇంకో ఐదు కిలోమీటర్లు పోయాక మళ్లీ ఆపాను. వేడి చూపే ముల్లు సగం దగ్గరే ఉంది, అయినా నాకు అనుమానమే. మూడోసారి బ్రేకు మీద కాలు పెట్టగానే, కళ్లు మూసుకునే ఉన్న ఆమె అంది.

“మల్ల ఆపినవంటే నేను దిగి నడిసిపోత. నీకంటె ముందే ఇంట్ల ఉంట.”

కాలు తీశాను. ఇల్లు చేరేదాకా ఆపలేదు.