దస్తగిరి ఉస్తాద్ మూడో డబ్బా

మా దస్తగిరి ఉస్తాద్ కాలధర్మం చెంది నేటికి పద్దెనిమిది రోజులు. ఆ ఉదయం నేను గడ్డం గీసుకుంటున్నాను. ఆయన అల్లుడు రాంగోపాల్‌పేట్ నుంచి సీతాఫల్‌మండి దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "మామ పోయిండు సార్. పొద్దుగాల చాయ్ తాగి గోడకానుకున్నడు, మళ్ల లేవలే" అన్నాడు. సగం గీసిన గడ్డంతోనే బయలుదేరాను. దారిలో ఎవరు పలకరించారో, నేనేం బదులిచ్చానో నాకు గుర్తులేదు.

పోయినవారి గుణగణాలు స్మరించి నమస్కరించడం లోకాచారం. నా పని అంతటితో తీరదు. ఉస్తాద్ వృత్తిజీవితం మీద ఏడేళ్ల కిందట ఒక మచ్చ పడింది. అది నా వల్ల పడింది. దానిని తుడవవలసినవాణ్ణి నేనే. ఆయన బతికుండగా ఆ పని చేయలేదు. ఇప్పుడు చేస్తున్నాను, ఆలస్యానికి నన్ను ఎవరేమన్నా పడతాను.

ఎరగనివారి కోసం నాలుగు మాటలు. హైదరాబాదు రాష్ట్రంలో నదుల కొలతలు తీసే జట్టు మాది. నేను పటాలు గీసే నక్షానవీసును, దస్తగిరి ఉస్తాద్ లారీ డ్రైవరు. ఏటా వానాకాలంలో గుడారాలు, కొలత పరికరాలు, బియ్యం బస్తాలు వేసుకుని సికింద్రాబాదు నుంచి రెండు వందల మైళ్ల దూరాన నది ఒడ్డుకు పోయి, వరద తగ్గేదాకా అక్కడే మకాం వేసేవాళ్లం. సికింద్రాబాదు దాటితే పెట్రోలు అమ్మే చోటు ఉండదు. పోవడానికీ, తిరిగి రావడానికీ ఇంధనం మనమే మోసుకుపోవాలి. లారీ నడపడం చాలామందికి వచ్చు. పెట్రోలు మోయడమనే విద్య మాత్రం మా శాఖలో ఉస్తాద్ ఒక్కరికే పట్టుబడింది.

ఆయన నియమాలు కఠినమైనవి. నాలుగు గ్యాలన్ల రేకు డబ్బాను ఎన్నడూ నిండా నింపనిచ్చేవారు కాదు. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలవలసిందే. "ఎండకు పెట్రోలు ఉబ్బుతది రావు సాబ్. దానికి సుత ఊపిరి ఆడాలె" అనేవారు. డబ్బాల మీద తడి గోనె ఆరకూడదు. మనుషులు కూర్చునే చోట డబ్బా పెట్టకూడదు. మకాంలో వంట ఈ చివర అయితే డబ్బాలు ఆ చివర. రోజూ పొద్దున ఒక్కొక్క డబ్బాను వేలి కణుపులతో తట్టి, ఆ చప్పుడును బట్టి ఎంత ఉందో చెప్పేవారు. పరీక్షించుదామని నేను రెండు మూడుసార్లు పుల్ల ముంచి చూశాను. నేనే ఓడిపోయాను.

ఒక ఏడు కొత్తగా వచ్చిన యువ ఇంజనీరుగారు డబ్బాల పక్కనే సిగరెట్టు ముట్టించారు. ఉస్తాద్ వాదించలేదు. లారీ ఆపి, దిగి, యాభై అడుగుల దూరంలో ఒక రాతి మీద కూర్చున్నారు. ఏమైందని ఇంజనీరుగారు కేక వేస్తే, "ఏం లేదు సాబ్, మీరు తాగుర్రి. అయినంక చెప్పుర్రి, పోదాం" అన్నారు. ఆ దొరగారు మొహం కందగడ్డ చేసుకుని సిగరెట్టు పారేశారు. ఆ మకాం ముగిసేదాకా మళ్లీ ముట్టించలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, దారిలో డబ్బాలు దాచే పద్ధతి ఒక ఎత్తు. తక్కిన డ్రైవర్లు ఇంధనమంతా లారీలోనే మోసేవారు. ఉస్తాద్ అట్లా కాదు. పోయేటప్పుడే దారిలో మూడు ఊళ్లలో మూడు డబ్బాలు ఇచ్చి, వచ్చేటప్పుడు ఒక్కొక్కటే తీసుకునేవారు. "అంత ఒక్కతాన పెడితె ఒక్క నిప్పురవ్వ చాలు. తొవ్వల పెట్టుకుంట పోతె బండికి బరువు తగ్గుతది, నాకు పరేషాన్ తగ్గుతది" అనేవారు. మరి ఎవరి ఇంట్లో పెట్టాలో ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "నీళ్లడుగుత. నీళ్లు అందరిస్తరు. ఇచ్చినంక 'జెర కూసో' అని ఎవరంటరో, ఆ ఇంట్ల పెడత" అన్నారు.

అట్లా దొరికినవారు ముగ్గురు. నది వైపు నుంచి వస్తుంటే మొదట ఒక బడిపంతులు, తర్వాత ఒక దర్గా చూసుకునే ముసలాయన, చివర సికింద్రాబాదుకు నలభై మైళ్లు ఉందనగా కుమ్మరి లచ్చవ్వ. కుమ్మరి ఇంట్లో పెట్రోలా, అక్కడ కుండలు కాల్చే ఆము ఉంటుంది గదా అని నేను గోల చేశాను. "దినాం నిప్పుతోని పనిజేసే మనిషి సాబ్. నిప్పు ఏడిదాక పోతదో ఆమెకు ఎరికైనంత మనకెరికనా?" అన్నారు. లచ్చవ్వ ఆ డబ్బాను ఆముకు దూరంగా, తొక్కిన మట్టి నిలవ చేసే గుంటలో పూడ్చి పెట్టేది. ఆయన ఆమెను అక్కా అనేవారు, ఆమె ఈయనను తమ్మీ అనేది.

ఇక ఆ సంవత్సరం సంగతి. రాష్ట్రానికి బయటినుంచి సరుకులు రావడం ఆగిపోయి, సికింద్రాబాదులో పెట్రోలు చుక్క దొరకడమే గగనమైంది. నది మన కోసం ఆగదు కాబట్టి అనుమతి చీటీ మీద దొరికినదానితోనే బయలుదేరాం. మేము నది ఒడ్డున ఉండగా సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఐదు రోజుల్లో ప్రభుత్వం మారింది. ఇంజనీరుగారు జ్వరంతో ముందే వెళ్లిపోయారు. మిగిలినది నేను, ఉస్తాద్, కొలత గొలుసు పట్టే మనుషులు ఇద్దరు. నిన్నటిదాకా ఒకరు భయపడిన దారుల్లో ఇప్పుడు ఇంకొకరు భయపడుతున్నారు. ముస్లిముల ఇండ్లు ఖాళీ అవుతున్నాయని విన్నాం.

"ఉస్తాద్, ఆ టోపీ జెర తీసి లోపట పెట్టు. ఎవరన్న అడిగితె నీ పేరు దశరథం అని చెప్పు" అన్నాను.

ఆయన నవ్వారు. "ఇరవై రెండేండ్ల సంది ఈ తొవ్వల తిరుగుతున్న. మైలు రాళ్లకు సుత నా పేరు ఎరికే. ఇప్పుడు దశరథం అంటె నవ్వరా రావు సాబ్?" టోపీ తీయలేదు.

బడిపంతులు విరిగిన బల్లల కింది నుంచి డబ్బా తీసి ఇచ్చాడు. దర్గా దగ్గర ముసలాయన ఇంట్లో చాప కూడా మిగలలేదు, అయినా డబ్బా ఉంది. దాని మీద గోనె తడి ఆరలేదు. ఉస్తాద్ ఆయన చేతులు పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

మూడో ఊరు రోడ్డుకు మైలు లోపల ఉంటుంది. దాని పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే బతుకుతున్నారు. ఎప్పుడూ ఉస్తాదే నడిచి పోయి డబ్బా భుజాన పెట్టుకుని వచ్చేవారు. ఆ రోజు నేను పోతానని పట్టుబట్టాను. ఊరి మొదట్లో ఇరవైమంది కర్రలు, గొడ్డళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతకుముందు ఏడాది పాత ప్రభుత్వపు మనుషుల చేతుల్లో వాళ్లు పడరాని పాట్లు పడ్డారు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలా అని చూస్తున్నారు.

"లారీ ఎవలది? తోలేటోడెవడు?" అని ఒకడు అడిగాడు.

"సర్కారుది. డ్రైవరు మనోడే, దశరథం" అన్నాను.

"పేరు బాగనే ఉన్నది. ఓసారి తోల్కరా, సూస్తం."

సరేనని వెనక్కు తిరిగాను. లచ్చవ్వ ఇంటి దాకా పోనే లేదు. పోతే, డబ్బాతో తిరిగి వచ్చేటప్పుడు వాళ్లు నాతోపాటు లారీ దాకా వస్తారు. ఉన్న మాట చెబితే ఉస్తాద్ తానే ఊళ్లోకి నడిచి పోతారు. అక్క ఎట్లా ఉందో చూడకుండా కదిలే మనిషి కాదు. అందుకని లారీ దగ్గరకు వచ్చి, "డబ్బా లేదు ఉస్తాద్. లచ్చవ్వ వాడుకున్నదట" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. "లచ్చవ్వ పెట్రోలేం జేసుకుంటది సాబ్?"

"ఎవరికో ఇచ్చిందట. పోదాం పట్టు."

"ఆమెకేం తక్లీఫ్ వచ్చిందో ఏమో" అని ఇంజను షురూ చేశారు.

సికింద్రాబాదుకు పదిహేను మైళ్లుందనగా లారీ ఆగిపోయింది. ఒక రైతు దయతలచి రెండు జతల ఎడ్లను ఇచ్చాడు. ఉస్తాద్ ఎడ్ల నడకకు తగ్గట్టు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. మర్నాడు మధ్యాహ్నం బజారులోకి వచ్చేసరికి దుకాణాలవాళ్లంతా బయటికొచ్చి చూశారు. "ఏం ఉస్తాద్, ఎడ్లకు లైసెన్సున్నదా?" అని ఎవరో అరిచారు. "వాటికున్నది, నీకే లేదు" అన్నారాయన. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

సర్కారు లారీ ఎడ్ల వెనుక రావడమేమిటని పై అధికారి సంజాయిషీ అడిగారు. నేను పక్కనే ఉన్నాను. "లెక్క తప్పింది సాబ్. నా తప్పే" అన్నారు ఉస్తాద్. లచ్చవ్వ పేరెత్తలేదు. నేనూ నోరెత్తలేదు. ఆనాటి నుంచి లారీల షెడ్డులో ఆయన పేరు ఎడ్ల ఉస్తాద్. ఇరవై రెండేళ్లు ఒక్కనాడూ ఇంధనం చాలక ఆగని మనిషికి దక్కిన బిరుదు అది.

అబద్ధమాడినందుకు నేను సిగ్గుపడను. మళ్లీ ఆ ఊరి ముందు నిలబెడితే మళ్లీ ఆడతాను. ఏడేళ్లు నోరు మూసుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నన్ను కార్యాలయంలో బల్ల దగ్గరకు మార్చారు, ఆ దారి మొహం మళ్లీ చూడలేదు. ఆ డబ్బా నిజంగా అక్కడ ఉందో లేదో కూడా నాకు తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు.

మూడోనాడు సమాధి దగ్గర చేసే జియారత్ ప్రార్థన ముగిశాక లచ్చవ్వ ఊరికి బస్సెక్కాను. లచ్చవ్వ ముసలి మనిషి. మట్టి పిసుకుతోంది. వార్త చెప్పగానే ఉన్న చోటనే కూలబడింది. "అయ్యో నా తమ్మీ! మొన్న ఎండకాలం వచ్చి పెట్రోలు మార్చి పోయిండు గద. మంచిగనే ఉండె గద" అని ఏడ్చింది.

"పెట్రోలు మార్చుడేంది?" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని నన్ను మట్టిగుంట దగ్గరకు తీసుకుపోయింది. మట్టి తోడి, గోనె తొలగించింది. డబ్బా ఉంది.

"నువ్వేనా రావు సాబ్‌వి? ఆ యేడు సుత ఇది గీడనే ఉండె. మీరెవ్వలు రాలే. దీపావళి అయినంక తమ్మి వచ్చి, 'ఏందక్కా, డబ్బా వాడుకున్నవట' అన్నడు. నాకు కోపమొచ్చింది. 'సూస్కో, నేనేమన్న తాగిన్నా' అన్న. ఆ దినం ఊరి ముంగట కట్టెలు వట్టుకొని నిలవడ్డ ముచ్చట చెప్పిన. తమ్మి గోనె తడిపి మల్ల డబ్బా మీద కప్పిండు. అటెంక, 'రావు సాబ్ నా పానం కోసం అబద్ధమాడిండక్కా. నాకెరికైందని తెలిస్తె సిగ్గువడతడు. ఒకదినం ఆయనే వస్తడు. గందాక డబ్బా గీడనే ఉండని' అన్నడు. ఏటేట వచ్చి పాతది బండ్ల పోసుకొని కొత్తది నింపి పోయేది."

ఆయనకు తెలుసు. ఏడేళ్లుగా తెలుసు. షెడ్డులో ఒక్క మాట అంటే ఎడ్ల ఉస్తాద్ అన్న పేరు ఆ రోజే పోయేది. అప్పుడు నా అబద్ధం బయటపడుతుంది. అందుకని ఆ పేరును మోస్తూ, ప్రతి పండుగకూ మా ఇంటికి సేమియా పంపుతూ, నన్ను చూసి నవ్వుతూ బతికారు.

"తప్పయింది లచ్చవ్వా. నీ మీద లేని మాట చెప్పిన" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్ సారూ? తమ్మికి చెప్పాల్సుండె."

డబ్బా తీసుకుని బయలుదేరాను. బస్సు కండక్టరు సీటు కింద పెట్టుకొమ్మన్నాడు. మనుషులు కూర్చునే చోట పెట్టనన్నాను. ఎడ్లబండి మాట్లాడుకుని, తడి గోనె కప్పి, బండివాణ్ణి బీడీ ముట్టించనీయకుండా, రెండు రోజులు దాని వెనుక నడిచి వచ్చాను. దారిలో నవ్వినవాళ్లు నవ్వారు.

షెడ్డులో డ్రైవర్లందరినీ పిలిచి, జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఎడ్ల ఉస్తాద్ అని పేరు పెట్టినవాడే ముందుకొచ్చి, మూత తీసి, పుల్ల ముంచి చూశాడు. పైన సరిగ్గా నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. అతను మూత బిగించి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి పోయాడు. ఆ రోజు సంజాయిషీ తప్పుడుదని, తప్పు నాదని రాసి పై అధికారికి కూడా ఇచ్చాను.

మా శాఖకు ఇంకో డ్రైవరు వస్తాడు. దారి పొడుగునా పెట్రోలు దొరికే రోజులూ వస్తాయి. తన పరువు పోయినా పక్కవాడికి సిగ్గు కలగనీయని మనిషి మాత్రం మా షెడ్డుకు మళ్లీ రాడు, నాకు మళ్లీ దొరకడు. నిన్న సాయంత్రం ఖబరస్తానుకు పోయాను. ఇంకా గట్టిపడని ఆ మట్టి ముందు కూర్చుని, ఏడేళ్ల కిందట రోడ్డు మీద చెప్పవలసిన మాట చెప్పాను.

డబ్బా ఉంది ఉస్తాద్. ఆ రోజు కూడా ఉంది.